రండి, చోటుంది

ఊర్మిళకు ఆ పని పచ్చడి సీసా పుణ్యాన వచ్చింది. కార్ఖానా బస్తీలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఒకావిడకు ఆమె లేబుల్ వేసిచ్చింది. అది చూసి నచ్చి, ఆవిడ దగ్గరే నంబరు తీసుకుని ఎరిక్ అనే ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, మా చర్చికి ఒక కొత్త లుక్ కావాలె. లోగో, గేటు బోర్డు, బులెటిన్, బ్యానర్లు, అన్నీ ఒక్క తీరుగ. చాలా పాత చర్చి మాది. కొత్తోళ్ళు గేటు దాక వచ్చి, లోపలికి చూసి, వెనక్కి మళ్ళిపోతున్నరు. చూస్తేనే రావాలనిపించాలె. చేస్తరా?"

ఏ చర్చి అని అడిగింది. కార్ఖానా రాతిచర్చి అన్నాడు.

గోడ అవతల వంటింట్లో వదిన గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. వదిన జ్ఞానమణి ఆ రాతిచర్చి పిల్లే. అక్కడే బాప్తిస్మం పొందింది, అక్కడే పాటలు నేర్చుకుంది. ఊర్మిళ అన్న రాఘవేందర్‌ను రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నదని ఆ చర్చివాళ్ళే ఆమె పేరు ప్రభువు బల్లలోంచి, అంటే ఆరాధనలో రొట్టె తీసుకునే హక్కున్నవాళ్ళ పట్టీలోంచి, తీసేశారు.

"చేస్తా సార్" అంది ఊర్మిళ. ఎందుకంత తొందరగా ఒప్పుకుందో ఆ క్షణాన ఆమెకే తెలియలేదు.

ఊర్మిళ పుట్టిందీ పెరిగిందీ రాంగోపాల్‌పేట్‌లోనే. తండ్రి బట్టల దుకాణంలో గుమస్తా, ఆమె స్కూల్లో ఉండగానే పోయాడు. బొమ్మలు బాగా వేస్తుందని అన్న పట్టుబట్టి ఆమెను డిప్లొమాలో చేర్పించాడు. చదువు కాగానే వీధి చివరనున్న పెళ్ళి పత్రికల దుకాణంలో పని దొరికింది. వినాయకుడిని ఆకులో, దీపంలో, నెమలి పింఛంలో ఎన్ని విధాల గీయొచ్చో అన్ని విధాల గీసింది. కంప్యూటర్లు వస్తే అదీ నేర్చుకుంది. ఊరందరి పెళ్ళిళ్ళకూ అక్షరాలు దిద్దింది గాని తన పత్రిక తను వేసుకునే రోజు రాలేదు. సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, "మీ అబ్బాయి క్రిస్టియన్ అమ్మాయిని చేసుకున్నడంట కద" అని తల్లి అనసూయమ్మను అడిగి, మళ్ళీ కబురు చేసేవాళ్ళు కాదు. మూడో సంబంధం అలాగే పోయాక ఊర్మిళ వదినతో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో, ఒకే బాత్రూమ్ వాడుకుంటూ, రెండేళ్ళు పలకరింపు లేకుండా గడిపింది.

ఆ పంతం దానంతటదే కరిగింది. జ్ఞానమణి నర్సు. అనసూయమ్మకు చక్కెర జబ్బు వచ్చినప్పుడు పొద్దున్నే ఇన్సులిన్ వేసేది ఆమే, కాలి పుండు కడిగి కట్టు కట్టేదీ ఆమే. ఊర్మిళకు టైఫాయిడ్ వస్తే తల దగ్గర కూర్చున్నదీ ఆమే. ఒకరోజు జ్వరంలోనే "వదినా, నీళ్ళు" అంది ఊర్మిళ. అంతే, మాట కలిసింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రాఘవేందర్ పోయాడు. పిల్లలు లేరు. పిన్నమ్మ కొడుకు కర్మ చేశాడు. పదకొండో దినాన చుట్టాలు లోపల భోజనాలు చేస్తుంటే జ్ఞానమణిని మెట్ల మీద కూర్చోబెట్టారు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు బొట్టు లేని మొహం చూడలేనంటే బొట్టు పెట్టుకోవడం మొదలుపెట్టిన మనిషి ఆమె. ఆ బొట్టు చూసే చర్చిలో ఆడవాళ్ళు పక్కన కూర్చోకుండా జరిగిపోయేవారు. పెట్టమన్న చుట్టాలే మొగుడు పోగానే ఆ బొట్టు తుడిచేశారు. జ్ఞానమణి మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయింది.

పత్రికల దుకాణం కూడా మూతపడింది. జనం పెళ్ళి కబురు ఫోన్లోనే పంపుకుంటుంటే అట్టల మీద అచ్చు వేయించేవాళ్ళెవరు? ఊర్మిళ ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని లేబుళ్ళూ, స్కూలు బ్యాడ్జీలూ, డాక్టర్ల బోర్డులూ చేస్తూ వచ్చింది.

రాతిచర్చి కమిటీ సెక్రటరీ ధర్మరాజు రైల్వేలో ఆఫీసరు చేసి రిటైరైనాయన. కోటు వేసుకోని ఆదివారం ఆయనకు లేదు. చర్చి ఆవరణ అంతా తిప్పి చూపించాడు. పాత ముద్రలో ఒక డాలు, డాలు మీద సింహం, కింద ఎవరికీ చదవరాని లాటిన్ మాట. గేటు పక్కన ఆరాధన వేళల పలక చిన్నది, దాని పైన ఎర్ర అక్షరాల పలక పెద్దది: 'అనుమతి లేనిదే లోనికి రాకూడదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.'

"సార్, కొత్తోళ్ళు మొదట చదివేది ఇదే" అంది ఊర్మిళ.

"అది కుక్కల కోసం, తాగుబోతుల కోసం పెట్టిందమ్మా."

"కుక్కలు చదవవు కద సార్."

ఎరిక్ పక్కకు తిరిగి నవ్వాడు. ధర్మరాజు నవ్వలేదు.

ఇంటికొచ్చి ఎన్నో బొమ్మలు వేసింది. గోపురం వేసింది, తెరిచిన తలుపు వేసింది, పావురం వేసింది, చాచిన చేతులు వేసింది. ఏది చూసినా ఎక్కడో ఏదో గోడ మీద ముందే చూసినట్టుంది. తెరిచిన తలుపును స్క్రీన్ మీద పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్న వేళ జ్ఞానమణి డ్యూటీ నుంచి వచ్చింది. చేతిలో టీ గ్లాసుతో వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"ఇది మా చర్చి తలుపు."

ఊర్మిళ తప్పు చేసి దొరికినట్టు లేచింది. "చెప్దామనుకున్న వదినా..."

"చెప్పకపోతే ఏమాయె, పని పనే." జ్ఞానమణి మంచం అంచున కూర్చుంది. "కని తలుపు తెరిస్తే ఎవ్వరూ రారు ఊర్మిళా. తలుపు ఎప్పుడూ తెరిసే ఉంటది. లోపలికి పోయినంక ఎక్కడ కూసోవాల్నో తెల్వదు సూడు, అదే భయం. అందరూ తిరిగి సూస్తరు. ఆ బల్లల మీద ఎవరి జాగ వాళ్ళకుంటది. అసొంటప్పుడు ఒక్కరు జెర జరిగి 'రా, చోటుంది' అంటే సాలు. ఇంకేం వద్దు."

"నీకెవరన్న అట్ల అన్నరా?"

"పెండ్లయినంక అనలే" అంది జ్ఞానమణి, గ్లాసు కడగడానికి లేస్తూ.

ఆమె వెళ్ళగానే ఊర్మిళ పెన్సిలు అందుకుంది. ఒక పొడుగు బల్ల, వెనక నుంచి చూసినట్టు. దాని మీద నాలుగు తలలు, భుజాలు ఒకదానికొకటి ఆనుకుని, అన్నీ ఒక పక్కకు కాస్త జరిగి. ఇవతలి చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ చర్చి బల్లల చివరి చెక్క మీద నిజంగానే చిన్న సిలువ చెక్కి ఉంటుంది, దాన్ని అలాగే తెచ్చి బొమ్మలో పెట్టింది. రంగులు ఆ రాయిదీ, కిటికీ పసుపు అద్దంలోంచి పొద్దున పూట పడే వెలుగుదీ. కింద చేత్తో గుండ్రంగా దిద్దిన అక్షరాలు: రండి, చోటుంది.

కమిటీ ముందు పెట్టినప్పుడు గోపురం ఏదని ధర్మరాజు అడిగాడు. సింహం ఉండాలన్నారు ఇంకొకరు. ఎరిక్ మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకుని, "సార్, నేను ఈ చర్చికి కొత్తగ వచ్చిననాడు ఆఖరు బల్ల దగ్గర పాట అయిపోయేదాక నిలబడ్డ. నాకు తెలుసు ఇదేందో" అన్నాడు. ఆ మాటతో ఒప్పుకున్నారు. ఎర్ర అక్షరాల పలక తీసేయడానికి మాత్రం ధర్మరాజు చాలా బాధపడ్డాడు.

బయటికొస్తూ ఊర్మిళ ఎరిక్‌ను మెల్లగా అడిగింది. "సార్, ఒకప్పుడు ఈ చర్చిల ఉండి, వేరే మతంల పెండ్లి చేసుకున్నోళ్ళు సుత రావొచ్చా?"

"అందరూ రావొచ్చు మేడమ్. ఎవ్రీబడీ. రాసినం కదా!"

తన వదిన పేరు ఊర్మిళ చెప్పలేదు. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే పని చెడిపోతుందేమోనని వెనక్కి తీసుకుంది. ఇంటికొచ్చి మాత్రం, "అందరూ రావొచ్చన్నరు వదినా. కోత పండుగ ఆదివారం కొత్త బోర్డు లేపుతున్నరు. నువ్వు రావాలె. నీ మాటనే అది" అంది.

జ్ఞానమణి మొదట వద్దంది. ఊర్మిళ వదల్లేదు. వారమంతా వెంటపడింది. శనివారం నాడు జ్ఞానమణి పెట్టె అడుగునుంచి మీగడ రంగు చీర తీసి ఇస్త్రీ చేయించుకుంటే, దాన్ని చూసి ఊర్మిళకు ఏదో గెలిచినంత సంబరమైంది.

ఆ ఆదివారం గేటు కళకళలాడింది. చెరుకు గడలూ అరటి గెలలూ గుమ్మడికాయలూ మెట్ల మీద పేర్చారు. ఎర్ర పలక ఉన్న చోట కొత్త బోర్డు. దాని ముందు నిలబడి జనం ఫోటోలు దిగుతున్నారు. జ్ఞానమణి ఒక క్షణం ఆగి బోర్డు చదివి, చెంగు సర్దుకుని లోపలికి నడిచింది. ఊర్మిళ వెనకే నడిచింది. మధ్య వరసలో ఎవరో కాలేజీ అమ్మాయి, ముందెన్నడూ చూడని పిల్ల, వీళ్ళను చూసి పక్కకు జరిగి, "రండి ఆంటీ" అంది. జ్ఞానమణి కూర్చుంది. పాట మొదలైతే పుస్తకం తెరవకుండానే పాడింది. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండీ వదిన గొంతెత్తి పాడగా ఊర్మిళ విననే లేదు. వంటింట్లో అంతా గొంతులోనే గొణిగేది.

ప్రసంగం అయింది. ప్రభువు బల్ల వేళయింది. వరస వరసా లేచి ముందుకు వెళ్ళి మోకరిస్తున్నారు. ధర్మరాజు పక్క నుంచి వెళ్ళి, రొట్టె పళ్ళెం పట్టుకున్న పాస్టరు అయ్యగారి చెవిలో ఏదో చెప్పడం ఊర్మిళ చూసింది. ఏ ఏర్పాటు మాటో అనుకుంది. జ్ఞానమణి వరస లేచింది. ఊర్మిళ కూర్చునే చూస్తోంది. అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో రొట్టె పెడుతూ జ్ఞానమణి దగ్గరికి వచ్చారు. ఆమె రెండు చేతులూ చాచింది. ఆయన ఆ చేతులు చూడనట్టే ఆమె తల మీద తన చెయ్యి పెట్టి, రెండు మాటలు పలికి, పక్కామెకు రొట్టె ఇచ్చారు.

ప్రత్యేకంగా ఆశీర్వదించారేమోననుకుంది ఊర్మిళ. సంతోషపడింది కూడా. అంతలో వెనక ఒకావిడ పక్కామెతో, "రొట్టె ఇయ్యక, చిన్నపిల్లలకు పెట్టినట్టు తల మీద చెయ్యి పెట్టిండ్రు. బల్లల లేదు కద" అనడం వినిపించింది. అప్పుడు చూసింది వదిన వైపు. జ్ఞానమణి చేతులు ఇంకా చాచే ఉన్నాయి. పక్కవాళ్ళంతా లేచిపోయాక గాని ఆమె వాటిని వెనక్కి తీసుకోలేదు.

ఆరాధన అయ్యాక చర్చి వెనక వెస్ట్రీ గదిలో ధర్మరాజు నెమ్మదిగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"రూల్ అమ్మా. నేను పెట్టింది కాదు, నేను పుట్టకముందు నుంచీ ఉంది. మీరు సంఘం ముందు నిలబడి, ఆ వివాహం విషయంలో తప్పు జరిగిందని ఒప్పుకుంటే చాలు. వచ్చే నెలే బల్లలో చేర్చుకుంటాం. ఒక్క నిమిషం పని."

"మా ఆయన సచ్చిపోయిండు సార్" అంది జ్ఞానమణి.

"తెలుసమ్మా. అందుకే చెబుతున్నాను. ఇప్పుడు మీకు తక్లీఫ్ ఏముంది? ఆయన లేడు. బొట్టు కూడా లేదు."

జ్ఞానమణి ఆయన మొహంలోకి చూసింది. "ఆయన ఉన్నప్పుడు అడిగితే ఆయనే జవాబు చెప్పేటోడు. లేనోని మీద తప్పని నేనెట్ల చెప్త? మంచోడు సార్ ఆయన. నన్ను చర్చికి స్కూటర్ మీద దింపి, అయిపోయేదాక గేటు బయట నిలబడేటోడు. లోపలికి రమ్మని ఒక్కరు పిలువలే."

ఊర్మిళకు ఆగలేదు. "సార్, బోర్డు మీద చోటుందని రాసినం కద!"

"కూర్చోడానికి చోటుందని రాశారు. కూర్చోబెట్టాం. ప్రభువు బల్ల వేరమ్మా" అన్నాడు ధర్మరాజు. ఎరిక్ గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. ఆటో మాట్లాడతానంటే జ్ఞానమణి వద్దంది.

"నా మాట నన్నడగకుండ తీస్కపోయి రాసినవ్. ఏమనలే. సంబరపడ్డ సుత. ఒక్కటి చెప్పు. అందరూ రావొచ్చన్నరన్నవ్. నా పేరు చెప్పి అడిగినవా?"

ఊర్మిళ బస్సు వచ్చే వైపు చూసింది.

"చెప్పలే. చెప్తె పని పోతదనుకున్నవ్."

"వదినా, మన ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"మన ఇల్లా? మీ ఇల్లు. దేవుని అర్ర గడప ఈనాటి దాక నేను దాటలే. నా మొగని దినం నాడు మెట్ల మీద కూసోని తిన్న. అప్పుడు నువ్వు లోపల వడ్డిస్తున్నవ్. వాళ్ళను అడిగినట్టు ఆనాడు మీ అమ్మను అడిగినవా?" గొంతు పెంచలేదు జ్ఞానమణి. రోగితో మాట్లాడినట్టే మాట్లాడింది. "వాళ్ళు రూల్ అన్నరు. మీరు అది సుత అనలే."

బస్సు వచ్చింది. ఇద్దరూ చెరో సీట్లో కూర్చున్నారు.

ఇంటికి రాగానే అనసూయమ్మ మంచం మీంచే అడిగింది. "ఏమాయెనే? వాళ్ళోళ్ళు తీసుకున్నరా?"

"అమ్మా, రేపటి నుంచి వదిన దేవుని అర్రలకు రావాలె" అంది ఊర్మిళ.

అనసూయమ్మకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. "నన్ను సావనియ్యి. తర్వాత మీ ఇష్టం" అని గోడ వైపు తిరిగి పడుకుంది. జ్ఞానమణి అదంతా వింటూనే చెయ్యి కడుక్కుని, మందు సీసా తీసి, సూదిలోకి ఎక్కించి, అత్తగారి చీర కొద్దిగా జరిపి పొట్ట మీద పొడిచింది. "నొప్పయిందా అత్తమ్మా?" అని ఎప్పటిలాగే అడిగింది.

ఆ నెలాఖరుకు జ్ఞానమణి కార్ఖానాలో ఆసుపత్రి దగ్గర ఒక గది తీసుకుని వెళ్ళిపోయింది. ఒక సూట్‌కేసు, రాఘవేందర్ ఫోటో పట్టుకుపోయింది. సూది ఎట్లా వేయాలో పోయేముందు ఊర్మిళకు చూపించి, రెండుసార్లు ఆమె చేతే వేయించింది. పోట్లాట లేదు. పోట్లాట లేకపోవడం చేత ఆపడానికి ఊర్మిళకు మాట దొరకలేదు.

ఊర్మిళ ఎరిక్‌కు ఫోన్ చేసి, ఆ మాట బోర్డు మీంచి తీసేయమంది.

"సారీ మేడమ్. మీరు ఒక్క మాట ముందు చెప్పి ఉంటే... మీ వదిన సంగతి కమిటీలో పెట్టిన, వచ్చే మీటింగుకు వాయిదా వేసిండ్రు. కని బోర్డు తీయలేను. ఆ మాట చూసి కొత్త కుటుంబాలు వస్తున్నయ్. నిన్న ఒక ముసలాయన ఏడ్చిండు. వాళ్ళకు అది నిజమే కద మేడమ్."

అదే ఊర్మిళను ఎక్కువ కాల్చింది. బొమ్మ అబద్ధమైతే చించేసి ఊరుకునేది. అది కొందరికి నిజం. ఎవరి నోట పుట్టిందో ఆ మనిషికి తప్ప.

వాయిదా పడిన సంగతి మళ్ళీ వాయిదా పడింది. బల్ల గుర్తు క్యాలెండర్ల మీదికి, సంచుల మీదికి, పిల్లల టోపీల మీదికి ఎక్కింది. అది చూసి మల్కాజిగిరి వైపు ఇంకో చర్చివాళ్ళు ఫోన్ చేశారు, తమకూ అట్లాంటిదే కావాలని. ఊర్మిళ చేయనని చెప్పాలనుకుంది. తల్లి మందులూ ఇంటద్దే గుర్తొచ్చి, "రేపు వస్తా సార్" అంది. ఫోన్ పెట్టేశాక తన గొంతు తనకే, ఏ గిరాకీనీ కాదనని పెళ్ళి పత్రికల దుకాణం ఓనరు గొంతులా వినిపించింది.

మరుసటి వేసవిలో రాఘవేందర్ సంవత్సరీకం వచ్చింది. ఊర్మిళ చేతి సూది తల్లికి రోజూ నొప్పే. ఆ పొద్దున సూది పడ్డాక అనసూయమ్మ పొట్ట రుద్దుకుంటూ, "మణికి ఫోన్ చెయ్యి. ఈసారి వచ్చి లోపల కూసోమను. ఎంతైనా వాని పెండ్లాం" అంది.

ఊర్మిళ అప్పటికప్పుడు ఫోన్ చేసింది. అమ్మ అన్న మాట అన్నట్టే చెప్పింది. అవతల వార్డులో ఎవరో దగ్గుతున్న చప్పుడు, ట్రాలీ చక్రాల చప్పుడు.

"డ్యూటీ ఉంది ఊర్మిళా."

"ఇంకొకరికి మార్చుకోరాదా వదినా?"

"మార్చుకోవచ్చు" అంది జ్ఞానమణి. "అత్తమ్మ కాలు ఎట్లుంది? పుండు మళ్ళ లేస్తె చూపియ్యి, అట్లనే పెట్టుకోకుండ్రి" అని ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నది? వస్తదా?" అని మంచం మీంచి తల్లి అడిగింది.

"రాదంట."

"ఎందుకు రాదే? నేనే రమ్మన్న కదా" అంది అనసూయమ్మ, నిజంగానే అర్థం కానట్టు.

సంవత్సరీకం చేయించే అయ్యవారు వచ్చే వేళయింది. ఊర్మిళ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.